ఎక్స్‌రేలో దొరకని దర్ద్

1995 అక్టోబర్ 24. దీపావళి రోజులు. పొద్దున్నే సూర్యగ్రహణం. ఆదోనిలో మాకు కనిపించింది పూర్తి గ్రహణం కాదు, సగం కొరికిన రొట్టె ముక్కలాంటి సూరీడు. మసీదులో నమాజె కుసూఫ్ అయ్యాక పెద్దవాళ్ళు ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. పిల్లలం మాత్రం మిద్దె ఎక్కాం. నేరుగా చూస్తే కళ్ళు పోతాయని భయం. అందుకే గల్లీలో ఎవరింట్లో ఎక్స్‌రే ఫిల్ము ఉందా అని వెతుకులాట. మా ఇంట్లో ఉంది. అల్మారా పైన, పాత అఖ్బార్‌లో చుట్టి పెట్టింది. అబ్బాది, కుడి మోచేయి. ఆ నల్లటి ఫిల్ము అడ్డం పెట్టుకుని, రెండు ఎముకల మధ్య సందులోంచి నేను గ్రహణం చూశాను. (ఫిల్ము అడ్డం పెట్టినా కళ్ళకు నుక్సానే అని తర్వాతెప్పుడో చదివాను. అల్లా మెహర్బానీ, ఏమీ కాలేదు.)

ఆ ఫిల్ముకు మా ఇంట్లో అంతకు మించి పని పడలేదు. ఎందుకంటే అందులో ఏమీ లేదు. డాక్టరే అన్నాడు. చీటీ మీద ఒకే ఒక్క మాట: నార్మల్.

ఆ ఒక్క మాట అబ్బాకు ఎంత మహంగా పడిందో చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి. మేం నద్దాఫులం. పల్లెల్లో మమ్మల్ని దూదేకులవాళ్ళు అంటారు, పింజారీలు అంటారు. రెండో మాటను తిట్టులాగా వాడేవాళ్ళూ ఉన్నారు, ఇప్పటికీ. థర్‌స్టన్ దొర 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేస్తే అందులో దూదేకుల అని మాకూ ఒక పద్దు ఉంది. పల్లెల్లో మావాళ్ళ ఇంటి భాష తెలుగే. ఆదోని కస్బాలో పెరిగిన మాకు మాత్రం దక్ఖనీ వచ్చింది, దాని వెనకే ఉర్దూ మీడియం బడి వచ్చింది. అరబ్బీలో ఈ పని చేసేవాణ్ణి హల్లాజ్ అంటారు. క్రీ.శ. 922లో బగ్దాదులో సజాయె మౌత్ పడిన మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నది ఈ పనే. సూఫీలు ఆయన పేరు చెప్పినప్పుడల్లా నాకు మాత్రం అబ్బా భుజానికి వేలాడే విల్లు గుర్తొస్తుంది.

ఆ విల్లు చూడనివాళ్ళ కోసం చెప్తాను. మనిషంత పొడవు కొయ్య, దానికి బిగించిన తాంత్, అంటే నరంతో చేసిన తీగ. విల్లును పైనుంచి తాడుతో వేలాడదీస్తారు. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, తీగను దూది కుప్పలో ముంచి, కుడి చేతిలోని కొయ్య గుండుతో తీగ మీద కొడతారు. టుంయ్, టుంయ్. దెబ్బకు తీగ అదిరి దూది విచ్చుకుంటుంది, చెత్త కింద రాలుతుంది. ఒక్క పరుపుకు ఎన్ని దెబ్బలు పడతాయో లెక్క పెట్టినవాడు లేడు. తీగను కొట్టేది గుండే అయినా అసలు కష్టం మణికట్టుది. ప్రతి దెబ్బకీ గుండు జారిపోకుండా గట్టిగా పట్టుకోవాలి, మణికట్టును వెనక్కి వంచి నిలబెట్టాలి. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుకెళ్తే అవసరం పడుతుంది.

ఆదోని అంటే పత్తి. 1911 బ్రిటానికా ఎన్‌సైక్లోపీడియా ఈ ఊరి గురించి రాసిన కొద్ది ముక్కల్లోనే తివాసీలు, పట్టు, నూలు బట్టలు, పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. అప్పటికి మేం మద్రాసు రాష్ట్రంలో బళ్ళారి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే కర్నూలు జిల్లాలో కలిశాం. 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు గురించి, ఖిల్లా గురించి తారీఖ్ రాసేవాళ్ళు చాలామంది రాశారు. బీజాపూర్, మొగలాయి, బసాలత్ జంగ్, టిప్పు, ఎవరెవరు ఎప్పుడు ఏలారో అంతా తారీఖులతో సహా ఉంది. వాళ్ళు పడుకున్న పరుపుల్లో దూది ఎవరు ఏకారో, ఆ ఏకినవాళ్ళ చేతులు ఏమయ్యాయో ఒక్క పేజీ లేదు. నాకు ఉన్న ఒకే ఒక్క దస్తావేజు అబ్బా ఎక్స్‌రే. అది కూడా ఖాళీ.

అబ్బాకు దర్ద్ మొదలైంది 1993లో అని అమ్మీ లెక్క. ముందు గుండు పట్టుకుంటేనే నొప్పి. తర్వాత చాయ్ గ్లాసు ఎత్తితే నొప్పి. తర్వాత వజూ చేస్తూ లోటా వంచితే నొప్పి. "కుహ్నీ దుఖ్‌రై" అనేవాడు, మోచేయి బయటివైపు బొమిక మీద బొటనవేలు పెట్టి. పహిల్వాన్ దగ్గరికి పోయాడు. ఆయన నూనె రాసి, లాగి, కట్టు కట్టాడు. హకీమ్ సాబ్ వజవుల్ మఫాసిల్ అని చెప్పి మాజూన్ ఇచ్చాడు. కీళ్ళ నొప్పికి యునానీలో ఉన్న పాత పేరు అది. కొన్నాళ్ళు తగ్గినట్టుండేది, మళ్ళీ విల్లు ఎత్తగానే వచ్చేది. చివరికి పెద్దాసుపత్రి. ఫలానా ఊరి ఫలానా ఆసుపత్రి అని చెప్పను, ఆ డాక్టరు కూడా వరుసలో రెండొందల మందిని చూస్తున్న మనిషే. ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి చూసి, ఎముక బాగుంది పో అన్నాడు.

అబ్బా కూలికి పోయే పరుపుల దుకాణం సేఠు ఆ చీటీ చూశాడు. చూసి నవ్వాడు. "ఫోటోలో ఏం లేదంట కదా సాయిబూ" అన్నాడు. అంతే. దర్ద్ బహానా అయిపోయింది. అబ్బా రెండేళ్ళు ఎడమ చేత్తో కొట్టడం నేర్చుకున్నాడు. సగం పనికి సగం మజ్దూరీ. అమ్మీ బీడీలు చుట్టింది. పద్నాలుగేళ్ళవాణ్ణి, నేను కూడా లోపల్లోపల అనుకున్నాను: ఎక్స్‌రే అబద్ధం చెప్తుందా? మిషను కదా. ఆ అనుకున్న మాట ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. ఇప్పుడు రాస్తున్నాను.

ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగకూడని సవాల్ అడిగారు.

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్జ్‌బుర్గ్‌లో రాంట్‌జెన్ ఈ కిరణాల్ని కనిపెట్టాడు. డిసెంబరులో తన బేగం చేతికి తస్వీర్ తీశాడు. అందులో వేళ్ళ ఎముకలు ఉన్నాయి, ఉంగరం ఉంది. మాంసం లేదు, నరం లేదు. ఈ కిరణాల స్వభావమే అది. సున్నం నిండిన ఎముక దగ్గర ఆగిపోతాయి, మెత్తటి దాంట్లోంచి దూరిపోతాయి. అందుకే దీన్ని అందరికంటే ముందు అందుకున్నవాళ్ళలో ఫౌజు ఉంది. 1897-98లో సరిహద్దున తీరా కొండల్లో పఠాన్లతో అంగ్రేజుల లడాయి జరిగినప్పుడు బీవర్ అనే ఫౌజీ డాక్టరు ఎక్స్‌రే సామాను అక్కడికి మోయించుకుపోయాడు. సిపాయిల ఒంట్లో తూటా ఎక్కడుందో చూడటానికి. తూటా, విరిగిన ఎముక: ఈ రెండిటికీ ఎక్స్‌రే ఖరా గవాహీ ఇస్తుంది. అబ్బా చేతిలో ఈ రెండూ లేవు.

అబ్బా చేతిలో ఉన్నది ఇది. మోచేయి బయటివైపు బొమిక నుంచి ఒక కండరం బయల్దేరి, ముంజేయి పొడవునా పోయి, అరచేతి వెనక ఎముకకు తగులుకుంటుంది. మణికట్టును వెనక్కి లేపడం దాని పని. బొమిక దగ్గర అది తాడులాగా సన్నబడుతుంది. మనం ఏదైనా గట్టిగా పట్టుకున్నప్పుడల్లా మణికట్టు ముందుకు వాలిపోకుండా ఈ తాడే లాగి పట్టుకుంటుంది. పని చేసేది మణికట్టు, ఖర్చయ్యేది మోచేయి. రోజూ లాగితే తాడు పోగులు పోగులుగా చిట్లుతుంది. రాత్రి ఒళ్ళు దాన్ని అతుకుతుంది, పొద్దున మళ్ళీ చిట్లుతుంది. అతుకు కంటే చిట్లడం ఎక్కువైన రోజు దర్ద్ మొదలవుతుంది. ఎముకకు దీంతో సంబంధం లేదు. కొందరిలో చాలాకాలం తర్వాత ఆ తాడులో సున్నం పేరుకుని ఎక్స్‌రేలో చిన్న మరకగా కనిపిస్తుంది. చాలామందికి అదీ ఉండదు.

దూది ఏకడం ఒక్కటే కాదు. మా నానీ ఇల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. సెలవులకు పోతే గల్లీ పొడవునా మగ్గాల చప్పుడు. గుంట మగ్గంలో కూచున్న మనిషి కుడి చేత్తో తాడు గుంజుతాడు, నాడె ఆ చివరికి పరుగెత్తుతుంది. మళ్ళీ గుంజుతాడు, ఈ చివరికి వస్తుంది. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఈ తాడు నాడెకు పేటెంటు తీసుకున్నాడు. దాంతో నేత వేగం పెరిగింది, ఒకే చేతి మీద, ఒకే గుంజు మీద భారం పడింది. ఆ గల్లీలో మోచేతికి గుడ్డ చుట్టుకోని ముసలివాణ్ణి నేను తక్కువగా చూశాను. నానీ అయితే జొన్నరొట్టె తట్టేటప్పుడు, దుప్పట్లు పిండేటప్పుడు అదే చోట పట్టుకునేది. ఆమెకు ఎవరూ ఎక్స్‌రే కూడా తీయలేదు.

ఇంతమంది చేతుల్లో ఉన్న ఈ మర్జ్‌కు దునియా పెట్టిన నామ్ ఏమిటో తెలుసు కదా. టెన్నిస్ ఎల్బో!

ఈ పేరు వెనక దాస్తాన్ ఉంది. 1873లో రుంగే అనే జర్మన్ డాక్టరు దీన్ని మొదట రాసినప్పుడు, రాతపని చేసేవాళ్ళ చేతి నొప్పి కింద రాశాడు. అంటే గుమాస్తాల మర్జ్. తొమ్మిదేళ్ళకు, 1882లో, లండన్‌లో లాన్సెట్ పత్రికలో హెన్రీ మోరిస్ దీన్ని లాన్ టెన్నిస్ ఆర్మ్ అన్నాడు. మరుసటి ఏడాది ఇంకో డాక్టరు లాన్ టెన్నిస్ ఎల్బో అన్నాడు. లాన్ టెన్నిస్ అప్పటికి పదేళ్ళ కిందట పుట్టిన ఆట, దొరల తోటల్లో ఆడుకునేది. కలం పట్టినవాడి పేరు ఎగిరిపోయి బ్యాటు పట్టినవాడి పేరు నిలిచింది. మనదేశంలో కూడా అంతే. 2004లో సచిన్ టెండూల్కర్ మోచేయి పట్టుకుని మ్యాచులు వదులుకునేదాకా, 2005లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకునేదాకా ఆదోని చాయ్ హోటల్లో ఎవరికీ ఈ పేరు తెలియదు. అప్పుడు నేను డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. సచిన్ మోచేయి మీద వార్త దిద్దుతూ, మోచేయి బొమ్మ కింద బాణం గుర్తు పెట్టిన చోటు చూసి కలం ఆపేశాను. అబ్బా బొటనవేలు పెట్టి చూపించే చోటు అదే. అయినా ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏమీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

ఒక్కచోట మాత్రం మజ్దూర్‌కు ఇన్సాఫ్ జరిగింది, అది కూడా కానూన్ పుస్తకంలో. బ్రిటన్‌లో 1907లో బొగ్గు గనివాళ్ళ బీట్ ఎల్బోను పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో చేర్చారు. సన్నటి సొరంగంలో మోచేతి మీద ఆనుకుని తవ్వితే మోచేయి వెనక వాచిపోయే మర్జ్ అది. అబ్బాది వేరు. కానీ ముఖ్యమైన సంగతి, అక్కడ ఎక్స్‌రే అడగలేదు. వాపు కంటికి కనిపిస్తుంది, చేసే పని అందరికీ తెలుసు. ఆ రెండూ సబూత్ అయ్యాయి.

మెత్తటిదాన్ని చూసే కన్ను తర్వాతి కాలంలో వచ్చింది. ముందు మైక్రోస్కోపు. 1979లో అమెరికాలో నిర్షల్, పెట్రోన్ అనే సర్జన్లు ఆపరేషన్‌లో తీసిన ఆ తాడు ముక్కల గురించి రాశారు. అందరూ మంట, వాపు అనుకుంటున్న చోట వాపు కణాలు లేవు. చెదిరిన పోగులు, అడ్డదిడ్డంగా మొలిచిన సన్నటి రక్తనాళాలు ఉన్నాయి. అంటే ఇది అరిగి, అతుకు కుదరని మర్జ్. అందుకే స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయిగా ఉంచుతుంది, ఏడాది గడిచేసరికి సూది వేయించుకోనివాళ్ళే మెరుగ్గా ఉంటారు. 2002లో హాలండ్‌లో చేసిన పరిశోధన ఈ సంగతి తేల్చింది. మా ఊళ్ళో ఆ సూది ఇంకా బాగానే అమ్ముడుపోతోంది.

ఎమ్మారై కథ 1973లో లాటర్‌బర్ తీసిన మొదటి బొమ్మలతో మొదలై, 2003లో ఆయనకూ మాన్స్‌ఫీల్డ్‌కూ నోబెల్ దాకా పోయింది. అది ఎముకలోని సున్నాన్ని వదిలేసి ఒంట్లో నీటిని వింటుంది. చిట్లిన తాడులో నీరు చేరుతుంది కాబట్టి నల్లగా ఉండాల్సిన తాడు తెల్లగా మెరుస్తుంది. అల్ట్రాసౌండ్ ఆవాజ్‌ను పంపి ప్రతిధ్వని వింటుంది. అందులో అంతా తలకిందులు: ఆరోగ్యంగా ఉన్న తాడు వెలుగు గీతలుగా, దెబ్బతిన్నది లావెక్కి నల్లగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక తెలుగు నామం చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు. ఎముకల రేడియాలజీలో అమెరికాలో పేరు తెచ్చుకుని, 1980లలో తిరిగొచ్చి హైదరాబాద్ నిమ్స్‌ను నిలబెట్టిన మనిషి. ఆ నిమ్స్ అంతకు ముందు నిజాం ట్రస్టు పంజాగుట్టలో కట్టించిన ఎముకల ఆసుపత్రి. నిజాం ఖజానా సొమ్ముతో లేచిన ఇమారత్‌కు, ఎముకల ఇలాజ్ కోసం పెట్టిన దానికి, తస్వీర్ చదివే డాక్టరు డైరెక్టర్ కావడం నాకు ఎప్పుడూ ఖుషీగా అనిపిస్తుంది. 2021లో ఆయన పోయారు. అబ్బా మోచేయి నొప్పి పడుతున్న రోజుల్లో కూడా హైదరాబాదులో ఆ ఇమారత్ ఉంది. ఆదోని నుంచి అది ఎంత దూరమో కిలోమీటర్లలో చెప్పలేను. మూడు నాలుగు రోజుల కూలీ, తెలిసినవాళ్ళ సిఫారసు, ఓపీ చీటీ నింపే చదువు, అంత దూరం.

మూడేళ్ళ కిందట నాకూ వచ్చింది. నాది మౌసు. ఇరవై ఏళ్ళు పేజీలు పెట్టిన చేయి. ఒక పొద్దున్న టిఫిన్ డబ్బా మూత తిప్పలేకపోయాను. ఊళ్ళోనే ఒక స్కానింగ్ సెంటర్‌కు పోయాను. మా వైపు స్కానింగ్ అంటే కడుపుతో ఉన్న ఆడవాళ్ళ వ్యవహారం. బెంచీ నిండా వాళ్ళే, మధ్యలో మోచేయి పట్టుకుని నేను. నా తల మీద బోర్డు: ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు. 1994 చట్టం ప్రకారం ప్రతి మిషనూ రిజిస్టరవ్వాలి, ఇష్టమొచ్చిన చోటికి మోసుకుపోయే వీలు లేదు. ఆడపిల్లల ప్రాణం కాపాడటానికి వచ్చిన కానూన్, సరైనదే. నాకు మాత్రం ఆ బెంచీ మీద ఎమ్మిగనూరు మగ్గాల ముసలివాళ్ళని కూచోబెట్టి చూసుకుంటే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

లోపల డాక్టరమ్మ మిషను ముట్టుకోలేదు. ముందు అడిగింది: ఏం పని చేస్తారు? చెప్పాను. చేయి చాపమంది, అరచేయి కిందికి, పిడికిలి బిగించి మణికట్టు పైకి లేపమంది. తను పైనుంచి కిందికి అదిమింది. ప్రాణం పోయింది. తర్వాత బొటనవేలుతో బొమిక మీద నొక్కింది. సరిగ్గా అక్కడే. "మర్జ్ ఇదే, స్కాన్ దీన్ని ఖాయం చేయడానికి, ఇంకేమీ లేదని చూడటానికి" అంది. స్క్రీన్ మీద చూపించింది. వెలుగు గీతల మధ్య నల్లటి మచ్చ, అందులో రంగు పెడితే ఎర్రటి చుక్కలు, కొత్తగా మొలిచిన రక్తనాళాలు. ఇంకో మాట కూడా చెప్పింది. ఇలాంటి మచ్చలు నొప్పి లేనివాళ్ళలోనూ ఉంటాయట, నొప్పి తగ్గాక కూడా మచ్చ ఉండిపోవచ్చట. మెడ నరం నుంచి వచ్చే నొప్పీ ఇలాగే ఉండొచ్చట. ఒట్టి తస్వీర్ చూసి ఇలాజ్ చేయకూడదంది. మణికట్టుకు కసరత్తు, పనిలో మార్పు, సబర్. చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుందంది. నాకు పది నెలలు పట్టింది.

ఇంటికొస్తూ నా మనసు ఆ మొదటి సవాల్ దగ్గర ఆగిపోయింది. ఏం పని చేస్తారు? ఇటలీలో రామజ్జీని అనే హకీమ్ 1700లో పనివాళ్ళ జబ్బుల మీద కితాబ్ రాశాడు, 1713లో దాన్ని పెంచి నేతగాళ్ళనూ, రాతగాళ్ళనూ చేర్చాడు. బుఖ్రాత్ కాలం నుంచి హకీములు మరీజ్‌ను అడిగే సవాళ్ళ వరుసకు ఆయన ఒకటి కలిపాడు: నీ పని ఏమిటి? 1993లో ఆ పెద్దాసుపత్రిలో అల్ట్రాసౌండ్ లేకపోవచ్చు, ఎమ్మారై మా జిల్లా ముఖమే చూసి ఉండదు. కానీ ఆ సవాల్‌కు కరెంటు అక్కర్లేదు. మణికట్టు పట్టి అదమడానికి ఫిల్ము అక్కర్లేదు. ఇన్నాళ్ళూ నేను మిషను లేకపోవడాన్ని నిందించాను. ఒక్క బొటనవేలు, ఒక్క సవాల్ చాలు అబ్బా మాట నిజమని తేలడానికి. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అబ్బాకు ఇప్పుడు డెబ్బై ఆరు. విల్లు ఎప్పుడో అటక ఎక్కింది. గల్లీలో దూది ఏకే మిషను వచ్చి చాలాకాలమైంది. ఆ సాయంత్రం నా స్కాన్ కాగితం ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని తలకిందులుగా పట్టుకున్నాడు, నేను తిప్పి ఇచ్చాను. "యే కాలా దిఖ్‌రా సో క్యా?" అన్నాడు. ఈ నల్లటిదే అబ్బా, నీకు కూడా ఇదే ఉండి ఉంటుంది, ఆ ఫోటోలో ఇది పడదు, అని చెప్పాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, మేమంతా నమ్మనందుకు. గొంతు రాలేదు. ఆయన కాగితం పక్కన పెట్టి, నా చేయి ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలు నేరుగా ఆ చోట పెట్టాడు. వెతకలేదు.

"ఇక్కడే కదా?"

హౌ అబ్బా, అన్నాను.

కొంచెంసేపు అలాగే రుద్దాడు. తర్వాత స్కానుకు ఎంత తీసుకున్నారని అడిగాడు. చెప్పాను. ఆ కాలంలో అది ఎన్ని పరుపుల కూలీయో వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ కూచున్నాడు.